పందిరి మీద మిగిలిన కొమ్మ

“నువ్వడుగు తమ్ముడా. నాను అడగడం అయిపోయింది. రెండ్రోజుల్నుంచి అడుగుతున్నాను. దాని నోట్లోంచి ఒక్క ముక్క రాలితే ఒట్టు.”

మా అప్ప అచ్చియమ్మ ఆ మాట నాతో అంది గాని, వినాల్సిన మనిషి వంటగది గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆ పిల్ల కనకం. మా మేనల్లుడు రమణబాబు పెళ్ళాం. ఈ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి కోడలిగా వచ్చి అయిదు నెలలు. ఆమె ట్రంకుపెట్టె అప్పటికే తాడు కట్టించుకుని వరండాలో కూర్చుంది. సాయంత్రం ఆరింటికి బండి. నాగపూర్‌లో దిగి హైదరాబాద్ వైపు బండి మారాలి.

“టిక్కెట్టు తీసేశారా?” అన్నాను.

“తీసేశాం మామా,” అన్నాడు రమణబాబు మెట్ల మీంచి. డీజిల్ షెడ్‌లో ఫిట్టరు వాడు. ఇంజను విప్పడం తెలుసు, ఇంట్లో మాట విప్పడం తెలీదు. “మై క్యా కరూఁ? నానేటి సేసేది? అమ్మ పంపించీమంది.”

“నువ్వేటన్నావు?”

“నాను... అచ్ఛా, ఠీక్ అన్నాను.”

“బాగుంది. మీ నాన్న గార్డు డ్యూటీలో ఎర్ర జెండా, పచ్చ జెండా రెండూ పట్టుకుంటాడు. నీకు ఒక్క పచ్చదే ఇచ్చినట్టున్నాడు.”

వాడు తల దించుకున్నాడు. కనకం వేళ్ళు బియ్యంలో ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి. అప్ప కొంగు బిగించి, “రా, సూడు. నీ కళ్ళతో సూడు,” అని నన్ను పెరట్లోకి లాక్కుపోయింది.

నాకు ఊళ్ళో తెలిపారా బజార్లో పళ్ళ దుకాణం. ఇరవై రెండేళ్ళుగా సరుకు చూడకుండా మాట ఇచ్చిన రోజు లేదు. ఎవరు ఎంత గట్టిగా చెప్పినా ముందు బుట్ట అడుగున చెయ్యి పెడతాను. అందుకని అప్ప ఏడుపు ఒక పక్కన పెట్టి, తల పైకెత్తాను.

పందిరి లేదు. అంటే గుంజలున్నాయి, తీగలున్నాయి, మధ్యలో మనిషి చెయ్యంత లావున్న ద్రాక్ష మొదలు ఉంది. పైన పచ్చదనం లేదు. నాలుగేళ్ళుగా ఆ పెరట్లో నిలబడి ఆకాశం చూసినవాళ్ళు లేరు. ఇప్పుడు నీళ్ళ ట్యాంకు, దాని వెనక స్టేషన్ దీపాల స్తంభం, అన్నీ కనిపిస్తున్నాయి. తీగల మీద జానెడేసి మోళ్ళు మాత్రం మిగిలాయి.

ఆ ద్రాక్ష చెట్టు సంగతి మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. మా బావ తిరుమలరావు మెయిల్ గార్డు. ఆరేళ్ళ కిందట నాగపూర్ నుంచి వస్తూ వేలెడంత పుల్ల ఒకటి తడిగుడ్డలో చుట్టి, గార్డు సామానుండే తన లైన్ బాక్సులో జెండాల పక్కన పెట్టుకుని తెచ్చాడు. తెచ్చినంతవరకే ఆయన వంతు. పెంచింది మా అప్ప. బియ్యం కడిగిన నీళ్ళు, చేపలు కడిగిన నీళ్ళు, వేసవిలో పూటకి రెండు బాల్చీలు. మనవైపు బీరపాదుని, ఆనపపాదుని ఎలా సాకుతారో అలాగే సాకింది. ఆ మరుసటేడు ఆమెకి కడుపు ఆపరేషన్ అయింది. బిలాస్‌పూర్ మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రేకుల వరండాలో పడుకోలేక మంచం ఈ పందిరి కిందకి మార్చుకుంది. అప్పటికి సగం గుంజలకే పాకింది తీగ. ఆ సగం నీడలోనే కోలుకుంది. అప్పట్నుంచి దాని మీద గోరు కూడా పడనివ్వలేదు.

ఆరేళ్ళలో అది ఇచ్చింది ఆకులు. ఒక్క గుత్తి కాయలేదు. దాని గురించి ఎవరైనా నవ్వితే, “నాకు నీడ సాలు,” అనేది.

“సూసేవా?” అంది అప్ప. “సూడు, ఏడస్తంది.”

నిజమే. కోసిన ప్రతి చివరా ఒక నీటి బొట్టు. వేలాడుతోంది, నిండుతోంది, రాలుతోంది. కింద గచ్చు మీద చుక్కలు చుక్కలుగా తడి. వాన లేదు, మంచు లేదు. జనవరి ఇరవై తొమ్మిది, మిట్టమధ్యాహ్నం. నేను ఒక బొట్టు వేలి మీద పట్టుకుని నాలిక మీద పెట్టుకున్నాను. నీళ్ళే. పులుపు లేదు, తీపి లేదు.

“రెండ్రోజులు. రాత్రీ పగలూ అలగే,” అంది అప్ప. “ఒంట్లో ఉన్నదంతా కారిపోయి సచ్చిపోతాది తమ్ముడా.”

“చావదు అత్తా.”

వెనక గుమ్మంలో కనకం. చేట చేతిలోనే ఉంది.

“వేరు లేచింది. నీళ్ళు పైకి తోస్తోంది. కారకపోతేనే భయపడాలి.”

రెండు రోజుల్లో ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట అదేనట. మాట్లాడకుండా ఉన్నా బాగుండేది. అప్ప గిర్రున తిరిగింది.

“ఇన్నావా? ఇన్నావా? కోసినోలికి కాపోతే ఇవన్నీ ఎవులికి తెలుస్తాయి? ఒలే, ఈ తెలివంతా మీ నాన్న తోటలో సూపించుకోవలసింది. నా పెరటి మీదా?”

కనకం చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల తండ్రి మనవాడే. శ్రీకాకుళం వైపు నుంచి వలసపోయి, హైదరాబాద్ బయట ఒక ఆసామి ద్రాక్షతోటలో మేస్త్రీ అయ్యాడు. కనకం ఆ పందిళ్ళ కింద పుట్టి పెరిగింది. పెళ్ళికి వచ్చినప్పుడు ఆమె పెట్టెలో చీరల కింద ఒక కొమ్మల కత్తెర కూడా వచ్చింది. ఆ కత్తెరే ఇప్పుడు సాక్ష్యం. రెండు రోజుల కిందట, బావ తెల్లవారకుండా కట్నీ వెళ్ళే బండికి డ్యూటీ ఎక్కి వెళ్ళాక, అప్ప లేచి పెరట్లోకి వెళ్ళేసరికి పందిరి ఇలా ఉంది. కత్తెర తులసికోట మీద ఉంది. ఇంక ఎవరిని అడగాలి?

అందరికీ లెక్క తేలిపోయింది. నాకే తేలలేదు.

గుంజకి ఆనించిన ముక్కాలి పీట ఎక్కి, కోతలు ఒక్కొక్కటే చూశాను. మొత్తం ముప్పై ఒకటి. ప్రతి మోడుకీ రెండు కన్నులు, లావుపాటి వాటికి మూడు. కన్ను అంటే కణుపు దగ్గర గోధుమగింజంత ఉబ్బు. ఆ కన్నుకి బొటనవేలి గోరంత పైన, ఏటవాలుగా కోత. ఒక్కచోట కూడా కొమ్మ చీలలేదు. పగతో కోసిన చెయ్యి ఇంత శ్రద్ధగా ఎందుకు కోస్తుంది? కోపం వచ్చినవాడు సరుకు విసిరేస్తాడు గాని సైజుల వారీగా పేర్చడు.

రెండో సంగతి. తూర్పు వైపు పద్దెనిమిది కోతల వాలు ఒక పక్కకి ఉంది. పడమటి వైపు పదమూడు కోతల వాలు దానికి ఎదురు పక్కకి. నేను కత్తెర పట్టుకున్నట్టు చెయ్యి ఆడించి చూశాను. కుడిచేతికి ఒక వాలే వస్తోంది. ఎడంచేత్తో ఆడిస్తే రెండోది వచ్చింది. పైగా ఆ పదమూడూ పందిరి మరీ ఎత్తుగా ఉన్నచోటివి. కనకం పీట ఎక్కి మునివేళ్ళ మీద నిలబడినా అందవు.

మూడో సంగతి అన్నిటికంటె నన్ను పీకింది. సరుకు ఒకచోట తగ్గితే ఇంకోచోట ఉండాలి. ఆకులు ఎరువు గోతిలో ఉన్నాయి. సన్న నులితీగలు నీళ్ళపొయ్యిలో మాడి ఉన్నాయి. మరి లావు కొమ్మలేవి?

“అప్పా, కోసిన కొమ్మలేవి?”

“అవెందుకు నీకు?”

“ఊరికే.”

“ఏటోనమ్మా! మనిషి ఏడుస్తుంటే కట్టెపుల్లల లెక్కలు అడుగుతాడు.”

ప్రహరీ అవతల్నుంచి పక్క క్వార్టర్ అప్పలస్వామి తల పైకి లేచింది. “అమ్మన్న మావా,” అన్నాడు నన్ను. “మా పక్కకి ఒక కొమ్మ అలగే ఉంది. కొయ్యడం మర్సిపోనారు. మా దండేనికి సుట్టుకుంది. ఉంచమంటారా, తీసీమంటారా?”

చూశాను. పడమటి మూల గుంజ మీంచి గోడ దాటి పోయింది ఒక పొడుగాటి కొమ్మ, నాలుగు పండాకులతో. కోత పడనిది అదొక్కటే.

“ముట్టుకోకు. ఉండనీ,” అన్నాను.

ఎందుకన్నానో అప్పటికి నాకే సరిగ్గా తెలీదు. దుకాణం మూసేటప్పుడు ఒక పండు పక్కన పెట్టడం నా అలవాటు. మర్నాడు ఎవరైనా సరుకు బాగాలేదంటే కోసి చూపించడానికి.

*

వంటగదిలో కనకం పప్పు తిరగమోత వేస్తోంది. రెండ్రోజులుగా తిండి లేదని మొహం చెబుతోంది. నేను పీట లాక్కుని గుమ్మంలో కూర్చున్నాను.

“అమ్మా, ఇరవై రెండేళ్ళు ద్రాక్షపళ్ళు అమ్మేను. పెట్టె విప్పడం తెలుసు, కాగితం ముక్కలు దులపడం తెలుసు, ఏ గుత్తి సాయంత్రానికి వడిలిపోతుందో తెలుసు. అది కొమ్మకి ఎలా పుడుతుందో ఏనాడూ అడగలేదు. నువ్వు చెప్పు.”

ఆ పిల్ల నావైపు అనుమానంగా చూసింది. నేను పన్నాగం పన్నుతున్నాననుకుంది. సగం అదే. మిగతా సగం నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

“పాత కర్రకి కాయదు చిన్నాన్నా,” అంది మెల్లగా. “కొత్త చిగురుకి కాస్తుంది. కొయ్యకపోతే బలమంతా పొడుగుకి పోతుంది. ఎంత నీళ్ళు పోస్తే అంత ఆకు. అత్త ప్రేమ తక్కువై కాదు, ఎక్కువై కాయలేదు.”

“రెండేసి కన్నులే ఎందుకు?”

“ఒకటి పోయినా ఒకటి ఉంటుందని. మా నాన్న ముందు బొటనవేలితో కన్నులు లెక్కపెట్టించేవాడు. ఒకటి, రెండు, అప్పుడు కత్తెర. లెక్కపెట్టకుండా కోస్తే మోచేతి మీద ఒకటి వేసేవాడు.” కొద్దిగా నవ్వింది. “అలవాటైపోతుంది. ఇప్పుడు గోరింటాకు కోసినా నా వేలు లెక్కపెడుతుంది.”

“ఇది కొయ్యడానికి సమయమేనా మరి?”

“మా వైపు అక్టోబర్‌లో కోస్తాం. ఇక్కడ చలి ఎక్కువ. అక్టోబర్‌లో కోస్తే చిగురు చలికి ముడుచుకుపోతుంది. ఆకు పండేదాకా ఆగమన్నాను.”

“ఎవుల్ని ఆగమన్నావు?”

గరిట గిన్నెలో ఆగిపోయింది. తిరగమోత మాడిన వాసన వచ్చింది. కనకం గిన్నె దించింది. ఆ తర్వాత నేను ఎన్ని అడిగినా పొయ్యికే జవాబు చెప్పింది, నాకు కాదు.

చివరగా ఒక్కటి అడిగాను. “కోసిన రోజు నుంచి పండు చేతికి రావడానికి ఎన్నాళ్ళు?”

“నూట ఇరవై. నూట ముప్పై. ఇక్కడి ఎండకి ఎంతో తెలీదు.”

నేను వేళ్ళ మీద వేసుకున్నాను. జనవరి ఇరవై ఏడు తెల్లవారుజామున కోత. ఆ నెలలో మిగిలిన రోజులు నాలుగు. ఈ ఏడు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది. మార్చి ముప్పై ఒకటి, ఏప్రిల్ ముప్పై, మే ముప్పై ఒకటి. నూట ఇరవై అయిదు.

మే ముప్పై ఒకటి మా బావ రిటైరయ్యే రోజు.

ఆ తర్వాత ఈ క్వార్టర్ మనది కాదు. ఆ మాట ఎత్తినప్పుడల్లా అప్ప ఒకటే అంటుంది: “నా పందిరి ఒదిలి నానెక్కడికీ రాను.” ఇల్లు వదిలేలోగా అప్పకి ఒక్క గుత్తయినా చూపించాలని నూట ఇరవై అయిదు రోజులు వెనక్కి లెక్కపెట్టుకుని కత్తెర పట్టుకునే మనిషి ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఆయన కంచం, టీ గ్లాసు, జెండా, అన్నీ ఎడంచేత్తోనే పడతాడు.

అప్పతో చెప్పలేదు. తరాజు నా చేతిలో ఉన్నప్పుడు తూకం గురించి నేనేం చెప్పినా కొనేవాళ్ళు నమ్మరు. ముల్లు వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూడాలి. ఆయన రానీ, తనే చెబుతాడు అనుకున్నాను.

అక్కడే నా అంచనా తప్పింది.

*

నాలుగున్నరకి బాక్స్ పోర్టరు లైన్ బాక్సు తెచ్చి వరండాలో దించాడు. ఇనప పెట్టె, మూత మీద తెల్ల అక్షరాలతో బావ పేరు. అది సరిగ్గా కనకం ట్రంకుపెట్టె పక్కన కూర్చుంది. ఒకటి వచ్చిన పెట్టె, ఒకటి పోయే పెట్టె.

వెనకాలే బావ. తెల్ల యూనిఫారం నలిగింది. టోపీ చంకలో ఉంది.

“ఎవులిదీ పెట్టె?”

“నీ కోడలిది,” అంది అప్ప. రెండు రోజుల మాట ఒక్క ఊపిరిలో వచ్చేసింది. “పందిరి కోసీసినాది. నానడిగితే నోరిప్పదు. ఆరింటికి బండి ఎక్కించీమన్నాను. ఆళ్ళ నాన్న దగ్గర నేర్సుకున్న మరియాద ఆళ్ళ నాన్నకే అప్పజెప్పీసి రమ్మన్నాను.”

బావ పెరట్లోకి వచ్చాడు. మేమంతా వెనకాలే. తల పైకెత్తాడు. చాలాసేపు చూశాడు. ఒక బొట్టు ఆయన నుదుటి మీద పడింది. తుడుచుకోలేదు.

కనకం గుమ్మంలో నిలబడి ఆయన్నే చూస్తోంది. ఆ పిల్ల మొహంలో రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆశ కనిపించింది నాకు.

“సెప్పు,” అంది అప్ప. “నీ ఇంట్లో, నువ్వు లేనప్పుడు, నా ఒంటి మీద కోత కోసినట్టు కోసేరు. ఏటంటావు?”

బావ గొంతు సవరించుకున్నాడు. పందిరి చూశాడు. అప్ప మొహం చూశాడు. టోపీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు.

“నాకేటి తెలుసు?” అన్నాడు. “నాను డ్యూటీలో ఉన్నాను.”

బొట్లు పడటం వినిపించింది.

కనకం ఏడవలేదు. ఆయన్ని ఒక్కసారి చూసి, కళ్ళు దించుకుని, వరండాలోకి వెళ్ళి పెట్టె పిడి పట్టుకుంది. “పదండి,” అంది మొగుడితో. “బండికి టైమవుతోంది.”

రమణబాబు తండ్రి వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. “లేకిన్... కానీ...” అన్నాడు.

ముప్పై మూడేళ్ళు రైళ్ళు ఆపిన మనిషి మా బావ. ఒక్క పిల్లని ఆపడానికి ఒక్క మాట రాలేదు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం పైకి కనబడితే పని చెడుతుందని కూడా తెలిసింది.

“ఆరింటికి కదా? ఇంకా గంట పైన ఉంది,” అన్నాను. తులసికోట మీద కత్తెర తీశాను. “బావా, అప్పలస్వామి దండెం మీదకి ఒక కొమ్మ పోయింది. పొద్దుట్నుంచి గోల పెడుతున్నాడు. నాకు అందడం లేదు. పొడుగు మనిషివి, అది కాస్త కోసి పడెయ్యి.”

“ఇప్పుడా?”

“ఉన్నదంతా పోయింది. ఆ ఒక్కటీ ఉండి ఏం ఉద్ధరిస్తుంది?”

అప్ప నావైపు మండిపడుతూ చూసింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకుని మూల గుంజ దగ్గరికి, బావకి బారెడు దూరంలోకి తెచ్చి నిలబెట్టాను. “చూస్తూ ఉండు,” అన్నాను చెవిలో. “మాట్లాడకు. చూడు.”

బావ మనసు అక్కడ లేదు. వరండాలో తాడు బిగిస్తున్న చప్పుడు వింటున్నాడు. కత్తెర ఎడంచేతిలోకి తీసుకున్నాడు. కుడిచెయ్యి పైకి చాపి కొమ్మ పట్టుకున్నాడు.

పట్టుకుని, బొటనవేలు మొదలు నుంచి పైకి జరిపాడు. ఒక కన్ను మీద ఆగింది. రెండో కన్ను మీద ఆగింది. గోరు వెడల్పు పైకి పోయింది. అప్పుడు కత్తెర పడింది. టక్.

కొమ్మ కింద పడింది. పైన ఏటవాలు కోత తెల్లగా మెరిసింది. దాని పక్కనే పదమూడు పాత కోతలు, అదే వాలు.

అప్ప ఆ మోడుని చూసింది. పక్క మోడుని చూసింది. ఆ పక్కది. తర్వాత చెయ్యి చాపి, బావ బొటనవేలు పట్టుకుంది. గోరు కింద రెండు రోజుల నాటి ఆకుపచ్చ మరక ఇంకా ఉంది.

“కన్నులు లెక్కెట్టి కొయ్యడం నీకెవులు నేర్పేరు?”

బావ కత్తెర వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

“బీరకాయ కూడా సరిగ్గా కొయ్యడం రాదు నీకు. ఎవులు నేర్పేరు?”

“కోడలు,” అన్నాడు బావ. ఆ ఒక్క మాటా చెప్పాక మిగతావి వాటంతటవే వచ్చాయి. “అడిగింది నానే. ఎందుకు కాయదని అడిగేను. సెప్పింది. తూరుపు పక్క తను కోసి సూపించింది, పడమట నాను కోసేను. ఇద్దరం తెల్లారకముందే దీపం ఎట్టుకుని కోసేం. అత్తకి నువ్వు సెప్పకు, నానొచ్చి సెప్తాను, అందాకా నోరెత్తొద్దన్నాను. ఎత్తలేదు.”

“మరి వచ్చి సెప్పలేదేం?”

“నీ మొహం సూసేను.”

“నా మొహానికేటయింది?”

“ఆపరేషన్ నాడు టేబుల్ మీదకి తీసుకెల్తున్నప్పుడు ఎలాగుందో అలాగుంది.”

అప్ప ఆయన వేలు వదిలేసింది.

అవతల గోడ మీంచి అప్పలస్వామి, “మావా, కొమ్మ మా పక్క పడింది. తెమ్మంటారా?” అన్నాడు.

“నువ్వు ముందు తల దించు,” అంది అప్ప. అతని తల మాయమైంది.

ఆమె వరండాలోకి వెళ్ళింది. కనకం చేతిలోంచి పిడి తప్పించి, ట్రంకుపెట్టె తనే ఎత్తబోయింది. కడుపు కుట్లు గుర్తొచ్చాయేమో ఆగి, “ఒరే రమణా, లోపలెట్టు,” అంది. “టిక్కెట్టు కేన్సిలు సేసుకురా. నిలబడ్డావేటి? ఎవులి పచ్చ జెండా కావాలి నీకు?”

వాడు పరిగెత్తాడు.

కనకం గోడకి ఆనుకుని నిలబడింది. ఇప్పుడు వచ్చాయి ఆమెకి కళ్ళనీళ్ళు. అప్ప ఆమెని దగ్గరకి తీసుకోలేదు. అది ఆమె పద్ధతి కాదు. ఎదురుగా నిలబడి, “ఇంటి మనిషివి. నా కాళ్ళు పట్టుకుని ఇలాగని ఒక్క ముక్క సెప్పకూడదేటి?” అంది.

“మాటిచ్చాను అత్తా.”

“మాటంట! నాకొచ్చి సెప్తానని నీకు మాటిచ్చినోడ్ని సూసేవు కదా, ఎంత సక్కగా నిలబెట్టుకున్నాడో.”

బావ గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతు సవరించడం విన్నప్పుడల్లా ఇప్పుడు నాకు భయం వేస్తోంది.

“ఒకటి సూపించాలి,” అని లైన్ బాక్సు మూత తీశాడు. జెండాలు, దీపం, ఎర్ర డబ్బా. వాటి కింద తడి గోనెపట్టా. నా మూడో లెక్క అక్కడ దొరికింది. కోసిన కొమ్మలు, జానెడు పొడుగున ముక్కలు చేసి, అరటినారతో కట్టలు కట్టి ఉన్నాయి.

“ఈ క్వార్టర్ ఒదిలీవలసిందే కదా,” అన్నాడు అప్పతో. “పందిరి ఒదిలి రానంటావు. అందుకని పందిరి పట్టుకెళిపోదామని.”

అప్ప వంగి ఒక పుల్ల తీసింది. ఎండుపుల్లలాగే ఉంది. కనకం ముందుకొచ్చి గోరుతో తొక్క గీకింది. లోపల పచ్చగా, తడిగా ఉంది. అప్ప కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా అయ్యాయి. “ఇది సిగురేస్తాదా?”

“మట్టిలో గుచ్చితే మూడు వారాలకి,” అంది కనకం. అంటూనే గోనె పక్కకి తోసి కట్టలు చూసింది. ఇంకోసారి చూసింది.

“మామయ్యగారూ, మూడు కట్టలు కట్టాను. పన్నెండేసి. ఇక్కడ రెండే ఉన్నాయి.”

బావ మూత వెయ్యబోయాడు. నేను ఆయన బూట్లు చూశాను. డ్యూటీకి బూటు పాలిష్ లేకుండా గుమ్మం దిగని మనిషి. ఇప్పుడు మడమల దాకా మట్టి. మన కాలనీ మట్టి ఎర్రగా, గరుగ్గా ఉంటుంది. ఇది నల్లగా, జిగటగా, పగుళ్ళు తీసి ఎండింది. స్టేషన్ ప్లాట్‌ఫారం మీదా, గార్డులు నడుం వాల్చే రన్నింగ్ రూంలోనూ అంటుకునే మట్టి కాదది. పొలం గట్టు దిగి, మోకాళ్ళ మీద కూర్చున్నవాడికి అంటుకునేది.

అప్ప కూడా చూసింది. వంగి, బూటు మడమ మీంచి ఒక పెళ్ళ ఊడదీసి, వేళ్ళ మధ్య నలిపింది. వాసన చూసింది.

“పన్నెండు కొమ్మలు ఎక్కడ నాటేవు?” అంది.

గొంతులో కోపం లేదు. అదే నాకు ఆశ్చర్యం. కొత్త సరుకు చూసిన బేరగాడి గొంతు అది.

“ఎవులి నేల అది? నువ్వు రిటైరయ్యేక మనముండబోయే నేలా? ఎవులికి సెప్పి నాటేవు?”

బావ నావైపు చూశాడు. సాయం కోసం కాదు. నా దగ్గర కూడా తను ఇన్నాళ్ళూ దాచింది ఏదో ఉందన్నట్టు చూశాడు. నోరు తెరిచాడు.

అప్ప మట్టి ఉన్న చెయ్యి ఎత్తి ఆపింది.

“ఇప్పుడు కాదు. రెండ్రోజుల్నుంచి ఈ గుంట మెతుకు ముట్టలేదు. ముందు దీన్ని తిననీ.” కనకం భుజం పట్టుకుని లోపలికి నడిపించింది. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. “ఆ తరవాత కూకో, నా ఎదురుగా. ఆ నేల ఏ ఊర్లో ఉందో సెప్పి మరీ కంచం ముందు కూకోవాలి నువ్వు.”

ఆమె ఆ మట్టిపెళ్ళ పారెయ్యలేదు. కొంగు చివర ముడి వేసుకుంది.